అరోరా పిల్లలకు మంచు కొండలు: 3,000 డాలర్లతో స్కీయింగ్ ఎలా నేర్పించాలి?

ప్రశ్న: అరోరా అక్కయ్య

అందరికీ నమస్కారం. మేము డెన్వర్‌ను ఆనుకుని ఉన్న అరోరాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాము. వారానికి రెండు సాయంత్రాలు, బడి వదిలిన తరువాత, ఇంటి దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. నా దగ్గరకు వచ్చేవారు 22 మంది. నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఉన్నారు. వీరి తల్లిదండ్రులలో ఎక్కువమంది ఇథియోపియా, మెక్సికో, నేపాల్ వంటి దేశాల నుంచి వచ్చి గిడ్డంగులలోనూ, హోటళ్లలోనూ, విమానాశ్రయంలోనూ పని చేస్తున్నారు.

మా తరగతి గది కిటికీలోంచి పడమటి కొండలు కనిపిస్తాయి. గత జనవరిలో వాలుకు సంబంధించిన లెక్క ఒకటి చెబుతూ, ఆ కొండల మీదకు ఎవరెవరు వెళ్లారని అడిగితే ముగ్గురే చేతులెత్తారు. ఆ ముగ్గురిలో ఒకడు, వాళ్ల నాన్న అక్కడి హోటలులో గదులు శుభ్రం చేసే పనికి వెళ్లినప్పుడు తాను రోజంతా కారులో కూర్చున్నానని చెప్పాడు. గంటన్నర దూరంలో, ప్రపంచం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి వచ్చే స్కీ కేంద్రాలున్న ఊరిలో పెరుగుతూ, ఆ పిల్లవాడికి మంచు కొండతో ఉన్న పరిచయం కారు అద్దం వరకే అన్నది నా మనసులో ఉండిపోయింది.

ఈ మాట మా తెలుగు కుటుంబాల మధ్య ప్రస్తావిస్తే, తలా కొంత వేసుకుని 3,000 డాలర్లు పోగుచేశారు. వచ్చే చలికాలంలో ఒక శనివారం బస్సు మాట్లాడుకుని 22 మందినీ స్కీయింగ్‌కు తీసుకుని వెళ్లాలన్నది మా తొలి ఆలోచన. అయితే నాకు స్కీయింగ్ తెలియదు. ఒకే ఒకసారి ప్రయత్నించి, లేచిన దానికంటే పడినది ఎక్కువై మానుకున్నాను. కొండ మీదకు చేర్చే లిఫ్టులు ఎక్కడానికి కొనవలసిన టికెట్ల ధరలు చూస్తే గుండె ఆగినంత పని అయింది. ఈ డబ్బును ఎలా ఖర్చు పెడితే పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందో, ఇప్పటికే ఇటువంటి పని చేస్తున్న సంస్థలేమైనా ఉన్నాయో, అనుభవజ్ఞులు చెప్పగలరా? ఆగస్టులోనే అడుగుతున్నాను కనుక తొందరేమీ లేదనుకుంటున్నాను.

సమాధానం 1: వారాంతపు శిక్షకుడు

అక్కయ్య గారూ, నమస్కారం. తొందరేమీ లేదన్న మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తొందర ఉన్నది. వారమంతా కంప్యూటరు ముందు ఉద్యోగం చేసి, శని ఆదివారాలలో పిల్లలకు స్కీయింగ్ నేర్పే పనిని ఆరు సీజన్లుగా చేస్తున్నాను. ఈ ఆటలో చవకగా దొరికేవన్నీ మంచు పడకముందే దొరుకుతాయి. మంచు పడిన తరువాత దొరికేవన్నీ ఖరీదైనవే.

దీనికి కారణం ఉన్నది. 2008లో, స్కీ కేంద్రాలు నడిపే వెయిల్ రిసార్ట్స్ సంస్థ చలికాలమంతటికీ ముందుగా కొనుక్కునే ఎపిక్ పాస్ ప్రవేశపెట్టినప్పటి నుంచి ఈ వ్యాపారం ముందుగా కట్టేవారికి చవకగా, ఆ రోజుకు ఆ రోజు వచ్చేవారికి మోయలేనిదిగా మారిపోయింది. మంచు పడినా పడకపోయినా కంపెనీకి డబ్బు ముందే చేతికందాలన్నది దాని వెనక ఉన్న లెక్క. అందువలన రద్దీ రోజులలో వెయిల్ స్కీ కేంద్రంలో ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటింది. జనవరి జీతం వస్తేగానీ జనవరి ఖర్చు పెట్టలేని కుటుంబం సెప్టెంబరులో వందల డాలర్లు ముందుగా ఎలా కడుతుంది? డబ్బున్నవాడికి తగ్గింపు, లేనివాడికి పూర్తి ధర అన్నట్టుగా ఉన్నది ఈ పద్ధతి.

అయినా, మీరు భయపడుతున్న టికెట్ మీ పిల్లలలో సగం మందికి అసలు సమస్యే కాదు. కొలరాడోలో ఉండే కిండర్‌గార్టెన్ నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు ఎపిక్ స్కూల్‌కిడ్స్ పేరుతో కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్, వెయిల్ వంటి చోట్ల ఒక్కొక్క చోట నాలుగేసి రోజులు ఉచితంగా ఇస్తారు. ఆదాయంతో దానికి నిమిత్తం లేదు. కొలరాడో స్కీ కంట్రీ అనే స్కీ కేంద్రాల సంఘం వారు అయిదు, ఆరో తరగతుల పిల్లల కోసం చాలా ఏళ్ల క్రితం మొదలుపెట్టిన పాస్‌పోర్టు అనే పథకం ఇంకొకటి ఉన్నది. చిన్న రుసుము కడితే లవ్‌లాండ్ వంటి ఎన్నో కేంద్రాలలో పిల్లవాడు స్కీయింగ్ చేయవచ్చు. మొదటిదానికి గడువు శరదృతువులోనే ముగిసిపోతుంది కనుక సెప్టెంబరులోనే కాగితాలు నింపించండి. వీటిని వాడుకునేవారిలో ఎక్కువమంది మా వంటి మంచి జీతగాళ్ల పిల్లలే కావడం మాత్రం నేను ప్రతి ఏడూ చూస్తున్నాను, ఎందుకంటే ఉచిత టికెట్ ఉన్నంత మాత్రాన పిల్లవాడు కొండ మీదకు చేరడు.

కొండకూ పిల్లవాడికీ మధ్య నిజంగా అడ్డుపడేవి బూట్లు, బట్టలు, బండి, వెంట వచ్చే పెద్దమనిషి. బండి సంగతే తీసుకోండి. కొండలకు వెళ్లే ఐ-70 రహదారి మీద మారిసన్ నుంచి డాట్సీరో వరకు సెప్టెంబరు మొదలు మే చివరి దాకా తగిన టైర్లుగానీ, గొలుసులుగానీ ఉండాలన్న చట్టం ఉన్నది. అరిగిన టైర్లతో రోజులు నెట్టుకొచ్చే కుటుంబం, టైర్లు మార్చుకునే డబ్బే ఉంటే ముందు ఇంటి అద్దె బాకీ తీరుస్తుంది. రాష్ట్రం వారి స్నోస్టాంగ్ బస్సు వారాంతాలలో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి లవ్‌లాండ్, అరపాహో బేసిన్, కాపర్, బ్రెకెన్‌రిడ్జ్ వైపు నడుస్తుంది. ఇంతకంటే చవకైన దారి కూడా ఉన్నది: 19 ఏళ్లు, అంతకు లోపు వయసు వారికి డెన్వర్ ప్రాంతపు రవాణా సంస్థ ఆర్‌టీడీ బస్సులూ రైళ్లూ ఉచితం, ఆ ఆర్‌టీడీ వారి బస్సే ఒకటి బోల్డర్ నుంచి ఎల్డోరా స్కీ కేంద్రం దాకా వెళుతుంది. అరోరా నుంచి వెళ్లాలంటే రెండు మూడు చోట్ల బండి మారాలి, తెల్లవారుజామునే లేవాలి, చేతిలో స్కీలు పట్టుకున్న పదేళ్ల పిల్లవాడితో అది సుఖమైన ప్రయాణమేమీ కాదు. ఏడో తరగతి పిల్లలిద్దరు పెద్దవారి తోడుతో వెళ్లడానికి మాత్రం పనికి వస్తుంది.

సామాను విషయంలో రెండు హెచ్చరికలు. మంచి మనసుతో ఎవరో ఒకరు అటక మీది పాత స్కీలు తెచ్చి ఇస్తారు, తీసుకోకండి. పిల్లవాడు పడినప్పుడు బూటు స్కీ నుంచి సరైన సమయానికి ఊడిపోవాలి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లోని ఆ అమరికను పిల్లవాడి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి దుకాణంలోని శిక్షణ పొందిన మనిషే చేయాలి. పాత బైండింగులను చాలా దుకాణాలు ముట్టుకోవు కూడా. హెల్మెట్ కూడా పాతది వద్దు. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే లోపలి నురుగు నలిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు. వీటి బదులు సీజన్ అద్దె చూడండి. నిరుడు మా అబ్బాయికి బూట్లు, స్కీలు, కర్రలు కలిపి 160 డాలర్లకు చలికాలమంతటికీ తీసుకున్నాను. ఒక్కరోజు అద్దెలు నాలుగు పోగుపడేసరికి అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇక మీ ఒక్క శనివారం ఆలోచన. వద్దండి. మొదటిరోజు పిల్లవాడు చేసేది స్కీయింగ్ కాదు. గట్టి బూట్లలో నడవడం, పడడం, లేవడం, మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టీ మీద పైకి వెళ్లి, స్కీల ముందు కొనలను పిజ్జా ముక్కలా దగ్గరకు చేర్చి ఆగడం, వీటితోనే రోజంతా గడిచిపోతుంది. చేతులు తడిసి, బూటు కాలిమడమను నొక్కి, ఏడుపు ముఖంతో బస్సెక్కుతాడు. ముచ్చట మొదలయ్యేది మూడోరోజున. 22 మందికి మొదటిరోజును మాత్రమే ఇచ్చి పంపడం అంటే, ఇది మనలాంటి వాళ్లకు రాదు అన్న పాఠాన్ని డబ్బిచ్చి నేర్పినట్టే. ఎనిమిది మందిని అయిదుసార్లు తీసుకుని వెళ్లండి.

ఆరు, ఏడు తరగతుల వారి కోసం ఎస్ఓఎస్ అవుట్‌రీచ్ అనే సంస్థను సంప్రదించండి. 1993లో వెయిల్ లోయలో, రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టుకుని జారే స్నోబోర్డింగ్‌తో మొదలైన సంస్థ అది. ఒక పెద్దమనిషిని పిల్లల చిన్న జట్టు ఒకదానికి జతచేసి, సామానూ బట్టలూ ఇచ్చి, ఏడాది తరువాత ఏడాది అదే పిల్లలను వెంట తీసుకుని వెళ్లడం వారి పద్ధతి. పాఠశాల ద్వారా వెళితే మంచిది.

సమాధానం 2: సాదాసీదా

నా మాట కొందరికి రుచించకపోవచ్చును. అద్దె కట్టుకోలేని కుటుంబాల పిల్లలకు, పెద్దయ్యాక సొంత డబ్బుతో కొనసాగించలేని ఖరీదైన ఆటను రుచి చూపించడం ఎంతవరకు సబబు? అదే 3,000 డాలర్లతో 22 మందికీ ఈత నేర్పించవచ్చు. ఈత ప్రాణం కాపాడుతుంది. లేదా లెక్కల పుస్తకాలు కొనవచ్చు. మన తెలుగువాళ్లం ఇక్కడికి వచ్చాక, మన పిల్లలు చేస్తున్నవన్నీ అందరికీ అవసరమే అనుకునే పొరపాటు చేస్తున్నామేమోనన్న అనుమానం నాకున్నది. ఎవరినీ నొప్పించడానికి అనలేదు.

సమాధానం 3: పాత డెన్వరు వాసి

సాదాసీదా గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. 3,000 డాలర్లకు ఈతా స్కీయింగూ పోటీ పడితే నేనూ ఈతకే ఓటు వేస్తాను. కానీ ఈ ఊరికీ ఆ కొండలకూ ఉన్న సంబంధం మీకు తెలిస్తే, ఇది సంపన్నుల సరదాను పేదలకు రుచి చూపించడం అనిపించదు.

వింటర్ పార్క్ స్కీ కేంద్రం ఎవరిదో తెలుసునా? డెన్వర్ నగరానిది. నగర ఉద్యానవనాల అధిపతిగా పనిచేసిన జార్జ్ క్రాన్‌మర్ పట్టుబట్టి, నగరానికి ఒక చలికాలపు పార్కు ఉండాలని దానిని కట్టించారు. పేరు కూడా అందుకే వింటర్ పార్క్ అయింది. 1940లో తెరిచారు. మాఫట్ సొరంగంలోంచి వచ్చే రైలు సరిగ్గా కొండ పాదం దగ్గర ఆగేది. ఎస్కిమో స్కీ క్లబ్బు అనే సంఘం డెన్వర్ పిల్లలను శనివారాలలో రైలులో నింపుకుని అక్కడికి తీసుకుని వెళ్లేది. కార్లు లేని ఇళ్ల పిల్లలు కూడా అలా తరాలపాటు స్కీయింగ్ నేర్చుకున్నారు. ఆ స్కీ రైలు 2009లో ఆగిపోయి, 2017లో మళ్లీ మొదలైంది. 2002 నుంచి నిర్వహణను నగరం ప్రైవేటు కంపెనీకి కౌలుకు ఇచ్చింది గానీ, యాజమాన్యం ఇప్పటికీ నగరానిదే. (అక్కయ్య గారి పిల్లలు అరోరా వారు కనుక సాంకేతికంగా వాటాదారులు కారని ఎవరైనా అంటే, వీధి దాటితే డెన్వర్ అని చెప్పండి.)

మిగిలిన పెద్ద స్కీ కేంద్రాలలో చాలా భాగం జాతీయ అటవీ భూముల మీదనే, 1986 నాటి చట్టం కింద అనుమతి పత్రాలతో నడుస్తున్నాయి. లిఫ్టులు కంపెనీవి, కొండ ప్రజలది. గిడ్డంగిలో రాత్రి డ్యూటీ చేసే తల్లి కట్టే పన్ను కూడా ఆ అటవీ శాఖకు చేరుతున్నది. కాబట్టి నేను దీనిని దానం అనను, వాటా అంటాను.

ఎవరికి కుదురుతుందన్న మాట కూడా చెప్పాలి. ఈ ఆట సహజంగానే కొందరికి కుదరదని అనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు కుదిర్చి చూపించారు. 1970లో డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి కాళ్లో చేతులో కోల్పోయిన పిల్లలను వింటర్ పార్క్‌కు తీసుకుని వచ్చి స్కీయింగ్ నేర్పారు. వికలాంగుల కోసం ఇప్పుడున్న జాతీయ క్రీడా కేంద్రం అక్కడ అలా పుట్టింది. 1973లో బెన్ ఫిన్లీ, ఆర్ట్ క్లే అనే ఇద్దరు, నల్లజాతివారి స్కీ క్లబ్బులు పదమూడింటిని ఆస్పెన్‌లో సమావేశపరిచారు. నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ స్కీయర్స్ అన్న సమాఖ్యకు అది నాంది. ఆ కొండ మీద తమలాంటి ముఖం ఇంకొకటి కనిపించడమే చాలామందికి టికెట్ కంటే పెద్ద అవసరమని వారు గ్రహించారు.

అక్కయ్య గారికి ఒక చిన్న చిట్కా. దక్షిణ డెన్వర్‌లో రూబీ హిల్ పార్కు ఉన్నది. చలికాలంలో అక్కడ నగరం వారు మంచు తయారుచేసి, స్నోబోర్డర్లు జారడానికి పెట్టెలూ కమ్మీలూ ఏర్పాటు చేస్తారు. టికెట్ లేదు, లిఫ్టూ లేదు. జారి, నడిచి మళ్లీ పైకెక్కాలి. సిటీ బస్సులో వెళ్లవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి పెట్టెల మీద జారడం తగదు గానీ, బోర్డు కాళ్లకు కట్టుకుని చుట్టుపక్కల వాలు మీద నిలబడడం ఎలా ఉంటుందో పిల్లలు చూసుకోవచ్చును.

సమాధానం 4: మోటెల్ పిల్ల

ఈ చర్చను చదువుతూ రెండురోజులుగా రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను అవతలి వైపు నుంచి వచ్చినదానిని.

మా నాన్న వెర్మాంట్‌లో ఒక మోటెల్‌లో రాత్రి కౌంటరు చూసేవారు. అమ్మ పగలు గదులు సర్దేది. మేము వెనక గదిలో ఉండేవాళ్లం. చలికాలమంతా మా దగ్గర దిగేవాళ్లు స్కీలు మోసుకుని వచ్చేవారు. వారి బూట్ల నుంచి కారిన మంచు నీళ్లను తుడవడం నా పని. పద్నాలుగేళ్ల వయసులో, మా బడిలోని సలహాదారు ఒకావిడ నన్ను చిల్ అనే కార్యక్రమానికి పంపారు. స్నోబోర్డుల కంపెనీ పెట్టిన జేక్ బర్టన్ కార్పెంటర్, ఆయన భార్య డోనా కలిసి 1995లో బర్లింగ్టన్‌లో మొదలుపెట్టినది అది. వారానికొక సాయంత్రం, ఆరు వారాలు. బస్సు, బోర్డు, బూట్లు, కోటు, చేతి తొడుగులు, నేర్పే మనిషి, అన్నీ వారే ఇస్తారు. ఒక్కొక్క వారానికి ఒక్కొక్క మాట పెట్టి, బస్సులో దాని గురించి మాట్లాడించేవారు: గౌరవం, ఓర్పు, పట్టుదల అని అలా. అప్పట్లో నాకు అది నవ్వులాటగా ఉండేది. ఓర్పు వారంలో నేను ముప్ఫైసార్లు పడ్డాను, కనుక ఆ ఒక్క మాటా బాగా గుర్తున్నది.

మా నాన్నను ఒప్పించడం కొండ ఎక్కడం కంటే కష్టమయింది. ప్రమాదం జరిగితే మాది బాధ్యత కాదన్న కాగితం మీద తల్లిదండ్రులు సంతకం చేయాలి కదా. ఆయన ఆ కాగితాన్ని మూడు రాత్రులు కౌంటరు దగ్గర పెట్టుకుని చదివారు. ఆట అంటే ఆయనకు భయం లేదు. చేయి విరిగితే వచ్చే ఆసుపత్రి బిల్లు అంటే భయం, ఇంగ్లీషులో తనకు అర్థం కాని ఏదో దానికి ఒప్పుకుంటున్నానేమోనని భయం. అందుచేత అక్కయ్య గారూ, దయచేసి ఆ కాగితాన్ని స్పానిష్‌లోకి, అమ్హారిక్‌లోకి, నేపాలీలోకి తెలిసినవారి చేత చదివించి, కూర్చోబెట్టి వివరించండి. పిల్లల హెల్త్ ఫస్ట్ కొలరాడో (రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు నకళ్లు మీ దగ్గర ఉంచుకుని, దెబ్బ తగిలితే దేనికి ఎవరు డబ్బు కడతారో ముందే మాట్లాడండి. తొలి ప్రయాణంలో ఒక తల్లినో తండ్రినో బస్సులో వెంట తీసుకుని వెళ్లండి. ఆ ఒక్కరు తిరిగి వచ్చి మిగిలిన తల్లులకు చెప్పే మాట మీ పది సమావేశాలతో సమానం.

ఇంకొక సంగతి. ఆ తరువాత ఏడాది మా తమ్ముడు వేరొక చోట, ఒక స్కీ కేంద్రం వారు ఉచితంగా పెట్టిన తరగతికి వెళ్లాడు. ఉచితంగా వచ్చిన పిల్లలందరికీ నారింజరంగు చొక్కాలు తొడిగించారు. లిఫ్టు వరుసలో ఎవరు డబ్బు కట్టారో, ఎవరు కట్టలేదో అందరికీ తెలిసేది. భద్రత కోసమే చేశారేమో. వాడు మాత్రం రెండోసారి వెళ్లలేదు. ఇప్పటికి ముప్ఫై నాలుగేళ్లు వచ్చాయి, స్కీయింగ్ మాట ఎత్తితే ఆ చొక్కా మాటే ఎత్తుతాడు.

సాదాసీదా గారు అన్నట్టు, ఆరు వారాల తరువాత నాకూ కొండ మళ్లీ దూరమయింది. ఎనిమిదేళ్ల పాటు ఎక్కలేదు. అయితే ఆ ఎనిమిదేళ్లలో మోటెల్‌లోకి వచ్చినవాళ్ల బూట్ల నీళ్లు తుడుస్తున్నప్పుడు, ఈరోజు మంచు గట్టిగా ఉన్నదా, పొడిగా ఉన్నదా అని వాళ్లను అడిగేదానిని. వాళ్లు ఆశ్చర్యపడి, నిలబడి సమాధానం చెప్పేవారు. దాని విలువ ఎంతో నేను డాలర్లలో చెప్పలేను, దాచనూ లేను.

భోజనం కట్టుకుని వెళ్లండి. కొండ మీద బర్గరు ఒక్కటే మీ బడ్జెట్‌ను ముంచుతుంది. మాకు అమ్మ పులిహోర కట్టిచ్చేది. చల్లబడినా బాగుండేది అదొక్కటే.

సమాధానం 5: మినియాపొలిస్ మామయ్య

మా మిన్నెసోటాలో కొండలు లేవు, అయినా పిల్లలు మీకంటే చవకగా స్కీయింగ్ నేర్చుకుంటున్నారని చెబితే నవ్వకండి. బ్లూమింగ్టన్‌లోని హైలాండ్ హిల్స్‌ను త్రీ రివర్స్ పార్కుల శాఖ నడుపుతుంది. అంటే అది మా ప్రాంతీయ పార్కు. బర్న్స్‌విల్‌లోని బక్ హిల్ ఎత్తు దాదాపు 300 అడుగులే. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన లిండ్సే వాన్ అక్కడే నేర్చుకుంది. చీకటి పడగానే దీపాలు వేస్తారు, బడి అయ్యాక వెళ్లి రెండు గంటలు జారి ఎనిమిదింటికి ఇంటికి రావచ్చు. మనసు పడితే వెళ్లి వచ్చేంత దగ్గరలో ఉండడమే దాని గొప్ప. మీ డెన్వర్ చుట్టూ ఇటువంటి చిన్న గుట్టలు లేకపోవడమే మీ అసలు సమస్య అని నాకనిపిస్తుంది. ఇక్కడ బడి జట్లలో క్రాస్‌కంట్రీ స్కీయింగ్, అంటే చదునైన మంచు మీద సొంత బలంతో సాగేది, కూడా ఎక్కువ. లిఫ్టు అక్కరలేదు, బూట్లు మెత్తనివి, సామాను చవక. చెమట పట్టి పిల్లలు తిట్టుకుంటారు, అది వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారి సమాధానం: అరోరా అక్కయ్య

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మోటెల్ పిల్ల గారి ఉత్తరాన్ని మా చందాదారులందరికీ చదివి వినిపించాను. చదవడం పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సాదాసీదా గారి ప్రశ్ననూ దాచకుండా చదివాను. ఆయన మాట మన్నించి, వేసవిలో ఈతకు విడిగా చందా వేద్దామని ఇద్దరు అన్నారు.

బస్సు మానేశాము. నాలుగు, అయిదు తరగతుల నుంచి ఎనిమిది మంది, అయిదు శనివారాలు అని నిర్ణయించాము. ఈ తరగతుల వారికి టికెట్ ఉచితంగా వస్తుంది కనుక ఆ డబ్బు మిగులుతుంది. సీజన్ అద్దెలకు 1,280, కొత్త హెల్మెట్లకు 400, మంచు ప్యాంట్లకూ కళ్లద్దాలకూ 600 అనుకుంటున్నాము. మంచి టైర్లున్న మూడు కార్లు మా కుటుంబాల నుంచే వస్తాయి. నడిపేవారి పూర్వాపరాల పరిశీలన పాఠశాల వారే చేయిస్తున్నారు. శిక్షకుడు గారు సూచించిన సంస్థకు ఆరు, ఏడు తరగతుల వారి కోసం పాఠశాల నుంచి ఉత్తరం వెళ్లింది. అందరినీ కలిపి ఒక శనివారం రూబీ హిల్‌కు సిటీ బస్సులో తీసుకుని వెళతాము.

ఎనిమిది మందిని ఎంచడమే అన్నిటికంటే కష్టమయింది. ఇప్పుడు కొలరాడో బడులలో పిల్లలందరికీ భోజనం ఉచితం కనుక పాత ఉచిత భోజనపు జాబితా కొలమానంగా పనికిరాదు. జీతం కాగితాలు అడగడం నాకిష్టం లేదు, కాగితం అంటేనే బెదిరే ఇళ్లు కొన్ని ఉన్నాయి. చివరికి ఆ పనిని పాఠశాల సలహాదారుకు వదిలేశాను. కారులో కూర్చున్న పిల్లవాడు ఆరో తరగతి వాడు. ఈ ఎనిమిది మందిలో లేడు. ఆ సంస్థ వారు తీసుకోకపోతే ఏం చేయాలన్నది నాకింకా తోచలేదు.

శిక్షకుడు గారికి రెండు ప్రశ్నలు మిగిలాయి. మొదటిరోజు పాఠం డబ్బు కట్టి చెప్పించాలా, మీవంటి తెలిసినవారు నేర్పవచ్చునా? చేతి తొడుగులు ఎన్ని జతలు కొనాలి?

సమాధానం 6: వారాంతపు శిక్షకుడు

డబ్బు తీసుకుని పాఠం చెప్పే హక్కు స్కీ కేంద్రం వారి శిక్షకులకే ఉంటుంది. స్నేహితుడిగా, ఉచితంగా, మీ పిల్లల పక్కన జారుతూ సాయం చేయడాన్ని ఎవరూ కాదనరు. మొదటిరోజు మాత్రం కేంద్రం వారి పాఠమే చెప్పించండి; మీ లెక్కలో ఇంకా 700 పైచిలుకు మిగిలింది, అది అక్కడ పెట్టండి. రెండోరోజు నుంచి నేను వస్తాను. జనవరిలో నాకు రెండు శనివారాలు ఖాళీ ఉన్నాయి, తేదీలు విడిగా పంపండి.

కారు పిల్లవాడి విషయం తేల్చడం కష్టమేమీ కాదు. ఆరో తరగతి వాడికి కొలరాడో స్కీ కంట్రీ పాస్‌పోర్టు వర్తిస్తుంది. ఆ రుసుము, అద్దె నేను కడతాను. మీరు ఎనిమిది అన్న చోట తొమ్మిది అని రాసుకోండి. వాడిని ప్రత్యేకంగా తీసుకున్నామని మాత్రం వాడికి తెలియనివ్వకండి.

తొడుగులు తొమ్మిది మందికి పదిహేను జతలు. వేళ్లు విడివిడిగా ఉన్నవి కాకుండా, వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండేవి కొనండి, వెచ్చగా ఉంటాయి. ఉన్ని మేజోళ్లు ఒక్కొక్కరికి ఒకే పలుచని జత తొడగండి. వెచ్చదనం కోసమని తల్లులు రెండేసి జతలు తొడిగితే బూటు బిగిసి రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. జీన్స్ వేసుకుని ఎవరైనా వస్తే కారు ఎక్కించుకోకండి. ఒక అదనపు మంచు ప్యాంటు డిక్కీలో పెట్టుకోండి, ఎవరో ఒకరు తప్పకుండా జీన్స్‌లోనే వస్తారు.

ఎపిక్ స్కూల్‌కిడ్స్ కాగితాలు ఈ వారమే మొదలుపెట్టండి.